మోర్స్ చుట్టూ ఉన్నవాళ్లు

'ఇన్‌స్పెక్టర్ మోర్స్' అనే ఇంగ్లిష్ టీవీ పోలీసు సీరియల్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మోర్స్‌గా వేసిన జాన్ థా. ఆ తర్వాత ఎర్ర జాగ్వార్ కారు, ఆక్స్‌ఫర్డ్ కాలేజీల రాతి గోడలు, వెనక నుంచి వినిపించే ఒపేరా. నాకు మాత్రం ఆ సీరియల్ అంటే అతని చుట్టూ ఉన్నవాళ్లే. శవం పక్కన వంగి కూర్చుని విసుక్కునే పాథాలజిస్ట్, బల్ల వెనక బరువుగా కూర్చున్న చీఫ్ సూపరింటెండెంట్, రెండే రెండు సీన్లలో కనిపించి పోయే ప్రొఫెసర్ గారి భార్య, గేటు దగ్గరి కాలేజీ పోర్టర్. వాళ్ల గురించి రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

నేను ఇంగ్లండ్ వచ్చింది 1989లో. విదేశీ డాక్టర్లు అక్కడ పనిచెయ్యడానికి రాయాల్సిన ప్లాబ్ పరీక్ష గట్టెక్కి, మిడ్‌లాండ్స్‌లో ఒక జిల్లా ఆస్పత్రిలో జూనియర్ డాక్టర్‌గా చేరాను. డాక్టర్ల మెస్‌లో ఒక టీవీ, దాని చుట్టూ కూర్చుంటే దిగబడిపోయే నాలుగు సోఫాలు, ఎప్పుడూ మాడిన టోస్ట్ వాసన. ఆన్‌కాల్‌లో ఉన్నవాడికి రెండు గంటల కథ మొత్తం చూసే యోగం ఉండదు. శవం దొరికే సీను వచ్చేసరికి జేబులో బ్లీప్ (పేజర్) మోగేది. క్యాజువాల్టీకి పరుగెత్తి, ఆస్తమా పేషెంటుకి నెబ్యులైజర్ పెట్టించి, ఎక్స్‌రే చూసి తిరిగొచ్చేసరికి తెర మీద పేర్లు పైకి పోతుండేవి. ఎవరు చంపారని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్పేవారు.

ఆస్పత్రి గుమ్మం పక్కన వాలంటీర్లు నడిపే చిన్న టీ కొట్టు ఒకటి ఉండేది. అక్కడ ఒక రిటైరైన వార్డ్ సిస్టర్, అంటే వార్డు పెద్ద నర్సు, వారానికి రెండు రోజులు పనిచేసేది. ముప్పై ఏళ్లకు పైగా అదే ఆస్పత్రిలో పనిచేసిన మనిషి. నేను సగం కథే చూశానని తెలిసి, "నా దగ్గర టేపు ఉంది డాక్టర్, ఆదివారం రండి" అంది. అలా మొదలైంది. నేను ఆవిణ్ణి చివరిదాకా 'సిస్టర్' అనే పిలిచాను, ఆవిడ నన్ను 'డాక్టర్' అనే పిలిచింది.

సిస్టర్ ఇంట్లో టీవీ కింద అరలో ఈ-180 క్యాసెట్లు వరసగా పేర్చి ఉండేవి. మూడు గంటల టేపు. ప్రకటనలు రాగానే పాజ్ నొక్కి, అయిపోగానే మళ్లీ వదిలి, రికార్డు చేసేది. ప్రతి టేపు అట్టపెట్టెలోనూ ఒక కాగితం ముక్క మడిచి ఉండేది. టీవీ టైమ్స్ పత్రికలో ఆ వారం అచ్చయిన తారాగణం జాబితా అది, కత్తిరించి దాచేది. అప్పట్లో మోర్స్ వచ్చే ఐటీవీ చానల్ ప్రోగ్రాముల వివరాలు టీవీ టైమ్స్‌లోనే, బీబీసీవి రేడియో టైమ్స్‌లోనే వచ్చేవి. 1991 నుంచి కానీ రెండూ ఒకే పత్రికలో దొరకలేదు. ఆ జాబితాలో కొన్ని పేర్ల కింద నీలం బాల్‌పెన్‌తో గీతలు ఉండేవి. అవి హీరోల పేర్లు అయ్యేవి కావు. ఆరో పేరు, తొమ్మిదో పేరు, అలా. కథ అయ్యాక పేర్లు పైకి పోతుంటే సిస్టర్ పాజ్ నొక్కేది. తెర మధ్యలో తెల్లటి గీతలు వణుకుతుంటే, వాటి మధ్య నుంచి పేరు చదివి, "ఈయన్ని నేను స్టేజీ మీద చూశాను" అనేది. ఎక్కడ, ఏ నాటకంలో, ఎవరి పక్కన, అన్నీ చెప్పేది.

ఆవిడ చెబితేనే నాకు రెపర్టరీ నాటకశాలల సంగతి అర్థమైంది. బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్, డెర్బీ లాంటి ఊళ్లకు సొంత నాటకశాలలు ఉండేవి. అక్కడ నటులు కొద్ది వారాలకోసారి కొత్త నాటకం ఆడేవారు. ఈ నెల షేక్‌స్పియర్‌లో సేవకుడు, వచ్చే నెల హాస్యనాటకంలో మామగారు. ఇరవై, ముప్పై ఏళ్లు అలా నలిగిన నటులు ఆ దేశంలో వందల్లో ఉండేవారు. టీవీ వాళ్లకు రెండు సీన్ల పాత్ర ఉంటే వాళ్లలో ఒకరిని పిలిచేవారు. అందుకే అక్కడ తలుపు తీసే మనిషి కూడా తలుపు తీసే తీరులోనే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పేస్తాడు.

మోర్స్ విషయంలో దీనికి ఇంకో వసతి తోడైంది. మొదటి కథ 'ది డెడ్ ఆఫ్ జెరికో' 1987 జనవరి 6న వచ్చింది. చివరిది 2000 నవంబరు 15న. మొత్తం 33. ఒక్కొక్కటీ ప్రకటనలతో కలిపి రెండు గంటలు. పోలీసు కథను గంటలో ముగించడం అలవాటైన టీవీకి అది పెద్ద సాహసం. రెండు గంటలంటే చిన్న పాత్రకీ కుర్చీలో కూర్చుని, టీ పోసుకుని, కాసేపు మౌనంగా ఉండే వ్యవధి దొరుకుతుంది. నిర్మాత కెన్నీ మెక్‌బెయిన్ మొదట్లోనే ఈ పద్ధతి పట్టుకున్నాడు. మొదటి కథకు స్క్రీన్‌ప్లే రాసింది ఆంథొనీ మింగెల్లా. తర్వాత రోజుల్లో ఆస్కార్ అందుకున్న దర్శకుడు ఆయనే.

జాన్ థా ఎంపిక గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. సిస్టర్ తరం వాళ్లకు ఆయన అంటే 'ది స్వీనీ'లో జాక్ రీగన్. 1975 నుంచి 1978 దాకా లండన్ వీధుల్లో దొంగల్ని తరిమి, గోడకేసి కొట్టిన పోలీసు. మాంచెస్టర్ కుర్రాడు, తండ్రి లారీ డ్రైవర్. అలాంటివాడు ఆక్స్‌ఫర్డ్‌లో క్రాస్‌వర్డ్‌లు నింపుకుంటూ, వాగ్నర్ వింటూ, రక్తం చూస్తే తల తిప్పుకునే ఇన్‌స్పెక్టర్‌గా సరిపోతాడా అని చాలామంది అనుకుని ఉంటారు. 'స్వీనీ' నిర్మాత టెడ్ చైల్డ్స్ ఇక్కడ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. ఆయనకు థా లోతు తెలుసు. 1990లోనూ 1993లోనూ బ్రిటన్ వాళ్ల బాఫ్టా ఉత్తమ నటుడి అవార్డు ఈ పాత్రకే వచ్చింది. ఇంతకు మించి థా గురించి నేను చెప్పక్కర్లేదు, చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

నా దృష్టిలో అసలు తెలివైన ఎంపిక లూయిస్‌ది. ఈ సీరియల్‌కి మూలమైన కోలిన్ డెక్స్‌టర్ నవలల్లో మోర్స్ సహాయకుడు సార్జెంట్ లూయిస్ వేల్స్ మనిషి, వయసులో మోర్స్ కంటే పెద్ద, మనవలున్నవాడు. ఒకప్పటి బాక్సర్ కూడా. టీవీకి వచ్చేసరికి మొత్తం తిప్పేశారు. ఈశాన్య ఇంగ్లండ్ యాస, చిన్న పిల్లల తండ్రి, జీతం రాళ్లు లెక్కపెట్టుకునే మధ్యతరగతి కుర్రాడు. ఆ పాత్ర నార్తంబర్లాండ్‌లో పుట్టిన కెవిన్ వేట్లీకి ఇచ్చారు. ఈ ఒక్క మార్పుతో ఇద్దరి మధ్య నడిచే వ్యవహారమంతా మారిపోయింది. నవలలో ఇద్దరు పెద్దమనుషుల మధ్య స్నేహం. తెర మీద చదువుకున్న ఒంటరి మనిషి, ఇల్లూ వాకిలీ ఉన్న మామూలు మనిషి. ఒకడికి లాటిన్ తెలుసు, ఇంకొకడికి సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్లాలని ఉంటుంది. డెక్స్‌టర్ కూడా ఈ లూయిస్‌నే ఒప్పుకున్నారు. తర్వాతి నవలల్లో లూయిస్ మెల్లగా వేట్లీ లాగే తయారయ్యాడు. మోర్స్ కారు కూడా లాన్సియా నుంచి జాగ్వార్‌కి మారింది.

వేట్లీని నేను ముందే ఎరుగుదును. మెస్‌లో ఎవరో 'ఆఫ్ వీడర్‌సేన్, పెట్' టేపులు తెచ్చారు. సొంత ఊళ్లో పనుల్లేక జర్మనీ వెళ్లి ఇళ్లు కట్టే ఇంగ్లిష్ మేస్త్రీల కథ అది. అందులో వేట్లీ కొత్తగా పెళ్లయి, భార్యను వదిలి వచ్చి, ఇంటి మీద బెంగతో కుమిలిపోయే నెవిల్. అప్పటికి మా ఆవిడ ఇంకా గుంటూరులోనే ఉంది, వీసా పని నడుస్తోంది. క్వార్టర్స్ కారిడార్‌లోని కాయిన్ ఫోన్ దగ్గర నాణేలు పట్టుకుని నిలబడ్డ మాలాంటి వాళ్లకు ఆ నెవిల్ ఎంత దగ్గరివాడో చెప్పలేను. అందుకే లూయిస్ తెర మీదికి రాగానే, పరిచయం చెయ్యకముందే నాకు నచ్చేశాడు. మా ఆవిడ వచ్చాక సిస్టర్ ఇంట్లో రెండు కథలు చూసి, "ఈ మోర్స్ గారిని భరించడం కష్టం కానీ, లూయిస్ లాంటి తమ్ముడు ఉంటే బాగుండును" అంది. పోలీసు కథలో నటుడికి అంతకంటే మెచ్చుకోలు ఉంటుందా?

ఇక మాక్స్. నాకు ప్రాణమైన పాత్ర.

మొదటి రెండు సిరీస్‌లలో పాథాలజిస్ట్ మాక్స్ డి బ్రిన్‌గా పీటర్ వుడ్‌థార్ప్ నటించాడు. గుండ్రటి మనిషి, వెటకారం నిండిన గొంతు. మోర్స్ రాగానే అడిగే మొదటి ప్రశ్న, "ఎప్పుడు చనిపోయాడు?" మాక్స్ ఒక పట్టాన చెప్పడు. మోర్స్ నిలదీస్తాడు, మాక్స్ తప్పించుకుంటాడు, ఆఖరికి ఒక అంచనా ఇస్తాడు, అదీ షరతులతో. మోర్స్ మాత్రం శవం వైపు చూడకుండా పక్కకు తిరిగి నిలబడతాడు. డాక్టర్‌గా ఆ సీన్లు చూస్తే నాకు ఎంత తృప్తిగా ఉండేదో. ఫోరెన్సిక్ మెడిసిన్ చదివిన ఎవరినైనా అడగండి, మరణించిన సమయం గడియారం చూసినట్టు చెప్పడం కుదిరే పని కాదు. ఒళ్లు ఎంత చల్లబడిందన్నది గది వేడి మీద, ఒంటి మీది బట్టల మీద, మనిషి లావు మీద ఆధారపడి ఉంటుంది. కండరాలు బిగుసుకోవడం కూడా చలిలో ఒక రకంగా, వేడిలో ఒక రకంగా నడుస్తుంది. మిగతా సీరియళ్లలో డాక్టర్ వచ్చి "రాత్రి పదీ పదిన్నర మధ్య" అని చెప్పి చేతులు తుడుచుకుంటాడు. మాక్స్ అలా చెప్పడు. చెప్పలేనిది చెప్పనని మొండికేసే డాక్టర్‌ని టీవీలో చూడటం నాకు అదే మొదలు.

వుడ్‌థార్ప్ చరిత్ర సిస్టర్ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. తర్వాత లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి చూసుకున్నాను. 1955లో లండన్‌లో పీటర్ హాల్ దర్శకత్వంలో 'వెయిటింగ్ ఫర్ గోడో' నాటకం ఇంగ్లిష్‌లో మొట్టమొదటిసారి ఆడినప్పుడు ఎస్ట్రగాన్ వేషం వేసింది ఈయనే. ఆధునిక నాటకరంగాన్ని తలకిందులు చేసిన ఆ ప్రదర్శనలో ఉన్న మనిషి. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' కథకి 1978లో వచ్చిన యానిమేషన్ సినిమాలోనూ, 1981లో బీబీసీ రేడియో నాటకంలోనూ గొల్లమ్ అనే పాత్రకి గొంతు ఇచ్చింది కూడా ఈయనే. అలాంటి నటుడికి ఇక్కడ ఒక్కో కథలో దక్కేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో ఒక మనిషి మొత్తం కనిపిస్తాడు. ఒంటరితనం, తిండిపుష్టి, మోర్స్ మీద బయటపెట్టని అభిమానం, శవాల మధ్య ఏళ్లకేళ్లు గడిపినవాడికి వచ్చే ఆ హాస్యం. మా ఆస్పత్రి మార్చురీకి వెళ్తే నాకు ఆయన గొంతే వినిపించేది.

మూడో సిరీస్‌లో, 1989లో, మాక్స్ స్థానంలో అమాండా హిల్‌వుడ్ డాక్టర్ గ్రేలింగ్ రసెల్‌గా వచ్చింది. చురుకైన పాత్ర. మోర్స్‌కి ఆవిడ మీద మనసు కూడా పడుతుంది. ఒక్క సిరీస్‌తో ఆ పాత్రను ఆపేశారు. ఇది నాకు ఇప్పటికీ నచ్చని నిర్ణయం. మోర్స్ మనసు పడ్డ స్త్రీలలో చాలామంది హంతకురాలో, హతురాలో అవుతారు, లేదంటే ఇంకొకరి భార్య అయి ఉంటారు. తన పాటికి తను పనిచేసుకునే, అతనితో సమానంగా వాదించే మనిషి రసెల్. ఆ పాత్రని నిలబెట్టి ఉంటే మోర్స్ జీవితంలో ఇంకో కోణం తెరుచుకునేది. 1995లో 'ది వే త్రూ ద వుడ్స్'లో క్లేర్ హోల్మన్ డాక్టర్ లారా హాబ్సన్‌గా వచ్చాక కానీ ఆ లోటు తీరలేదు.

చీఫ్ సూపరింటెండెంట్ స్ట్రేంజ్‌గా వేసిన జేమ్స్ గ్రౌట్ గురించి ఎవరూ పెద్దగా రాయరు. పై అధికారి పాత్ర పోలీసు కథల్లో అరిగిపోయిన వేషం. వస్తాడు, అరుస్తాడు, కేసు లాగేసుకుంటానని బెదిరిస్తాడు, పోతాడు. గ్రౌట్ కూడా అరిచాడు. కానీ ఆ అరుపు వెనక అలసట ఉండేది, రిటైర్మెంటు ఎంత దూరంలో ఉందో లెక్కవేసుకునే మనిషి ఉండేవాడు. మోర్స్ తనకంటే తెలివైనవాడని స్ట్రేంజ్‌కి తెలుసు. పై అధికారిగా తను సర్దుబాట్లు చెయ్యబట్టే ఆ తెలివికి చోటు దొరుకుతోందనీ తెలుసు. ఈ రెండూ ఆయన కుర్చీలో కూర్చునే తీరులోనే కనిపించేవి. మా వార్డు రౌండ్లలో ఇలాంటి పెద్ద కన్సల్టెంట్లను చూశాను. గదిలో అందరి ముందూ చీల్చి చెండాడి, సాయంత్రం కారు పార్కింగ్‌లో ఆపి "భోంచేశావా?" అని అడిగేవాళ్లు.

వారం వారం మారే అతిథి నటుల జాబితా చూస్తే ఇప్పుడు కళ్లు తిరుగుతాయి. ఇక్కడ మన సినిమాల సంగతి ఒకటి చెప్పాలి. మన తెరమీద రావు గోపాలరావు గారు కనబడగానే హాల్లో చిన్నపిల్లాడికి కూడా విషయం అర్థమైపోయేది. పక్కన అల్లు రామలింగయ్య గారు ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. అది వేరే రకం ఆనందం, దాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే హంతకుడెవరో చివరిదాకా దాచాల్సిన కథలో తెలిసిన ముఖమే పెద్ద చిక్కు. పేరున్న నటుడికి చిన్న పాత్ర ఇస్తే, ఇంత మనిషిని ఊరికే పెట్టరు, వీడే చంపి ఉంటాడని చూసేవాళ్లు పట్టేస్తారు. మోర్స్ వాళ్లు దీనికి కనిపెట్టిన మందు ఏమిటంటే, అందరినీ పేరున్నవాళ్లనే పెట్టడం. హంతకుడూ మంచి నటుడే, అనుమానితులు నలుగురూ మంచి నటులే, సాక్ష్యం చెప్పే పక్కింటావిడా మంచి నటే. ఇక ముఖం చూసి ఏం పట్టుకుంటారు?

మొదటి కథలోనే ఇంకో దెబ్బ కొట్టారు. కోరస్‌లో పాడుతూ మోర్స్‌కి పరిచయమయ్యే ఆన్‌గా జెమ్మా జోన్స్‌ని తీసుకున్నారు. 1970ల్లో బీబీసీ 'ది డచెస్ ఆఫ్ డ్యూక్ స్ట్రీట్'లో ఆవిడ కథానాయిక, ఇంటింటికీ తెలిసిన ముఖం. ఇక ఈవిడే సీరియల్ పొడవునా మోర్స్ పక్కన ఉంటుందని చూసేవాళ్లు అనుకుంటారు. కాసేపటికే ఆవిడ తన ఇంట్లో ఉరికి వేలాడుతూ కనిపిస్తుంది. అదే వీధిలో ఉంటూ అందరి మీదా ఒక కన్నేసి ఉంచే ముసలాయనగా ప్యాట్రిక్ ట్రౌటన్ వేశాడు. 1960ల్లో టీవీ సీరియల్‌లో రెండో 'డాక్టర్ హూ'గా పిల్లలందరికీ ఇష్టమైన మనిషి, ఇక్కడ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఈ కథ ప్రసారమైన మూడు నెలలు తిరక్కుండానే, 1987 మార్చిలో, ఆయన చనిపోయాడు. సిస్టర్ ఆ పేరు కింద రెండు గీతలు గీసింది.

నాకు సొంతంగా గుర్తుపట్టగలిగిన ముఖాలు కొన్నే, అవీ 'గాంధీ' సినిమా వల్ల. గుంటూరులో మెడికోలుగా ఉన్నప్పుడు హాస్టల్ మొత్తం కదిలి వెళ్లి చూసిన సినిమా అది. అందులో మీరాబెన్‌గా వేసిన జెరాల్డీన్ జేమ్స్ 1991లో 'హూ కిల్డ్ హ్యారీ ఫీల్డ్?' కథలో చనిపోయిన చిత్రకారుడి భార్యగా కనబడింది. తెల్లటి ఖద్దరు చీరలో చూసిన మనిషిని అలా చూసి సోఫాలో ముందుకు జరిగాను. సిస్టర్‌కి తెలియని సంగతి ఒకటి నేను చెప్పగలిగింది ఆ రోజే. అదే సినిమాలో లార్డ్ ఇర్విన్‌గా వేసిన జాన్ గీల్‌గుడ్ 1993లో 'ట్విలైట్ ఆఫ్ ద గాడ్స్'లో యూనివర్సిటీ చాన్సలర్‌గా వచ్చాడు. అప్పటికి ఆయనకు 88 ఏళ్లు. ఇంగ్లిష్ నాటకరంగంలో ఆ శతాబ్దపు మహానటుల్లో ఒకడు ఒక పోలీసు సీరియల్‌కి వచ్చి, ఆ ముసలి పెద్దమనిషి అతిశయాన్ని ఎంత సరదాగా ఆడాడో! అదే కథలో రాబర్ట్ హార్డీ ఉన్నాడు. ఒక సన్నటి అమ్మాయి కూడా ఉంది. ఆ అమ్మాయి రేచెల్ వైస్ అని తర్వాత్తర్వాత తెలిసింది.

అలా పైకి వచ్చినవాళ్లు చాలామందే. 1988లో 'లాస్ట్ సీన్ వేరింగ్'లో స్కూలు పిల్లగా ఎలిజబెత్ హర్లీ. 1992లో జైలు నేపథ్యంలో నడిచే 'అబ్సొల్యూట్ కన్విక్షన్'లో షాన్ బీన్, జిమ్ బ్రాడ్‌బెంట్ ఇద్దరూ. అదే ఏడాది 'హ్యాపీ ఫామిలీస్'లో ఆనా మాసీ కొడుకుల్లో ఒకడిగా మార్టిన్ క్లూన్స్. వాళ్లు పెద్దవాళ్లయ్యారు కాబట్టి ఈ జాబితా గొప్పదని నేను అనను. వాళ్ల పక్కనే, అంత బాగానూ చేసి, పేరు రాకుండా మిగిలిపోయిన నటులు ఇంతకు పదింతలు ఉన్నారు. సిస్టర్ గీతలు ఎక్కువగా వాళ్ల పేర్ల కిందే ఉండేవి.

అన్నిటిలోకీ నటుల ఎంపికకు నేను పెద్ద పీట వేసేది 'మాసోనిక్ మిస్టరీస్'కి. 1990 జనవరిలో వచ్చింది. దర్శకుడు డానీ బాయిల్, అప్పటికింకా సినిమాల్లోకి రాలేదు. మోర్స్ 'మ్యాజిక్ ఫ్లూట్' ఒపేరా రిహార్సల్‌లో ఉండగా అతనికి ఇష్టమైన స్త్రీ హత్యకు గురవుతుంది. నేరం మోర్స్ మీదే పడుతుంది. అతన్ని ప్రశ్నించాల్సి వచ్చినవాళ్లలో లూయిస్ కూడా ఉంటాడు. వెనకుండి ఉచ్చు బిగించే హ్యూగో డి వ్రీస్‌గా ఇయన్ మెక్‌డార్మిడ్, 'స్టార్ వార్స్'లో చక్రవర్తిగా వేసిన నటుడు. ఇక్కడ ముసుగూ లేదు, మేకప్పూ లేదు. ఆ నవ్వుతోనే భయపెట్టేశాడు. చనిపోయిన స్త్రీగా వేసింది మాడలీన్ న్యూటన్. కెవిన్ వేట్లీ భార్య ఆవిడ. ఈ సంగతి తెలిశాక ఆ కథని మళ్లీ చూస్తే, లూయిస్ శవాన్ని చూసే చూపు నాకు వేరేగా తోచింది.

కోలిన్ డెక్స్‌టర్ గారు కూడా నటుల్లో లెక్కే. 33 కథల్లో మూడు తప్ప అన్నిట్లోనూ ఎక్కడో ఒక చోట కనబడతారు. పబ్‌లో గ్లాసు పట్టుకుని, కాలేజీ విందులో ఒక మూల, రోడ్డు మీద నడుస్తూ. మాట ఉండదు. సిస్టర్ ఇంట్లో ఆయన్ని ముందు ఎవరు పట్టుకుంటే వాళ్లకు చివరి బిస్కెట్. మా ఆవిడే ఎక్కువసార్లు గెలిచేది.

ఒక వెలితి చెప్పకుండా ఉండలేను. ఇంత పెద్ద తారాగణంలో మనలాంటి ముఖాలు చాలా అరుదు. నేను పనిచేసిన వార్డుల్లో ఆంధ్రా నుంచి, కేరళ నుంచి, లాహోర్ నుంచి, లాగోస్ నుంచి వచ్చిన డాక్టర్లూ నర్సులూ ఉండేవారు. ఆ ఆక్స్‌ఫర్డ్‌లో వాళ్లు దాదాపు కనిపించరు. అంత శ్రద్ధగా చిన్న పాత్రల్ని ఎంచుకున్నవాళ్లు ఈ వైపు కూడా చూసి ఉంటే నేను ఇంకా ఎక్కువ ప్రేమించేవాణ్ణి.

1993 నుంచి వేట్లీ 'పీక్ ప్రాక్టీస్'లో డెర్బీషైర్ పల్లెటూరి ఫ్యామిలీ డాక్టర్‌గా కూడా వేశాడు. మా ప్రాంతమే కాబట్టి పేషెంట్లు మమ్మల్ని ఆ డాక్టర్‌తో పోల్చేవారు. 1998లో వచ్చిన 'ది వెంచ్ ఈజ్ డెడ్'లో లూయిస్ లేడు. అది ఒక్కటి చూస్తే చాలు, అతని విలువ తెలుస్తుంది. కథ బాగుంది, థా బాగున్నాడు, కానీ మోర్స్ విసుగుని మెత్తగా అందుకునే చెయ్యి లేదు.

చివరి కథ 'ది రిమోర్స్‌ఫుల్ డే' నాటికి మాకు సొంత ఇల్లుంది, సిస్టర్‌నే మా ఇంటికి పిలిచాం. మోర్స్ కాలేజీ ఆవరణలో కుప్పకూలతాడు. ఆస్పత్రిలో స్ట్రేంజ్‌తో చెప్పే చివరి మాట, లూయిస్‌కి థాంక్స్ చెప్పమని. లూయిస్ ఆ సమయానికి అక్కడ లేడు. ఆ మాట విన్న గ్రౌట్ ముఖం చూడండి. పదమూడేళ్లుగా అరుస్తూ వచ్చిన అధికారి, అప్పగించిన కబురు మోసుకెళ్లాల్సిన మనిషి అయ్యాడు. తర్వాత మార్చురీలో లూయిస్ వంగి మోర్స్ నుదుటి మీద ముద్దు పెట్టి, "గుడ్‌బై, సర్" అంటాడు. అంతే. ఆ 'సర్' అన్న పిలుపు పోలేదు, పేరు పెట్టి పిలవలేదు. మా ఆవిడ ఏడ్చింది, సిస్టర్ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. 2002 ఫిబ్రవరిలో జాన్ థా నిజంగానే వెళ్లిపోయాడు, 60 ఏళ్లకే. సిస్టర్ కూడా ఆ తర్వాత కొన్నేళ్లకు పోయింది. 2006లో మొదలైన 'లూయిస్' సీరియల్ తొలి కథలు చూసింది కానీ, లూయిస్, హాబ్సన్ ఒకటయ్యే దాకా ఉండలేదు. ఉండి ఉంటే చాలా సంతోషించేది. హాబ్సన్ వచ్చిన మొదటి కథలోనే ఆవిడకు ఎంతో నచ్చింది.

2012లో మోర్స్ పడుచుతనం మీద 'ఎండెవర్' మొదలైనప్పుడు నేను ముందు వెతికింది మాక్స్‌నీ, స్ట్రేంజ్‌నీ. షాన్ ఎవాన్స్ మోర్స్‌గా ఎలా ఉంటాడన్నది నాకు రెండో ప్రశ్న. జేమ్స్ బ్రాడ్‌షా మాక్స్‌గా వచ్చాడు. వుడ్‌థార్ప్‌ని అనుకరించలేదు, కానీ ఆ వెటకారం, ఆ దాచుకున్న మంచితనం పట్టుకున్నాడు. షాన్ రిగ్బీ స్ట్రేంజ్‌ని అమాయకపు కానిస్టేబుల్‌గా మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ గ్రౌట్ వైపు నడిపించాడు. 2023లో ఆ సీరియల్ ముగిసేసరికి, ఆ బల్ల వెనక కూర్చోబోయే మనిషి ఇతనేనని నమ్మకం కుదిరింది. పత్రిక ఎడిటర్‌గా వేసిన అబిగైల్ థా, జాన్ థా కూతురు. తండ్రి పాత్ర ముందు కూర్చుని అంత నిబ్బరంగా ప్రశ్నలు వెయ్యడం మామూలు విషయం కాదు.

ఇప్పుడు కొత్తగా చూడాలనుకునేవాళ్లు 'ది డెడ్ ఆఫ్ జెరికో'తోనే మొదలుపెట్టండి. అది అయ్యాక మధ్యవి వదిలి నేరుగా 'మాసోనిక్ మిస్టరీస్' చూసినా నష్టం లేదు. 'ది రిమోర్స్‌ఫుల్ డే' మాత్రం అన్నీ అయ్యాకే. మా ఇంట్లో ఇప్పటికీ తెగని తగువు ఒకటుంది, మొత్తం సీరియల్‌లో ఉత్తమ సహాయ నటుడు ఎవరని. మా ఆవిడ ఓటు గ్రౌట్‌కి. సిస్టర్ ఓటు ట్రౌటన్‌కి, రెండు గీతలు సాక్ష్యం. నా ఓటు వుడ్‌థార్ప్‌కే.